ఎర్రచందనం, ఇంటర్‌పోల్, సైటిస్: మా ఫీల్డ్ మీద ఉన్న అపోహలు - వాస్తవాలు

ఫారెస్ట్, కస్టమ్స్, పోలీసు సిబ్బందికి వన్యప్రాణి, కలప స్మగ్లింగ్ కేసుల్లో కాగితాలు ఎలా తయారుచేయాలో నేర్పించడం నా పని. శేషాచలంలో దుంగలు పట్టుకున్నారని వార్త వచ్చిన ప్రతిసారీ తెలిసినవాళ్ళు అవే ప్రశ్నలు అడుగుతుంటారు, ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళల్లో కూడా కొంతమంది అవే నమ్ముతుంటారు, అందుకే ఒకచోట రాసి పెడదామనిపించింది.

అపోహ: ఇంటర్‌పోల్ దిగితే స్మగ్లర్ పని అయిపోయినట్టే.

ఇంటర్‌పోల్‌కి వెళ్ళి అరెస్టులు చేసే సొంత పోలీసులు లేరండి. ఫ్రాన్స్‌లో లియోన్‌లో హెడ్డాఫీసు, 196 దేశాలు మెంబర్లు, ఒక్కో దేశంలో ఒక్కో బ్యూరో, మనకైతే ఆ బ్యూరో ఢిల్లీలో సీబీఐ. వాళ్ళు చేసేది సమాచారం చేరవేయడం. రెడ్ నోటీసు వారెంట్ కాదు, "మా కోర్టు ఇతని మీద వారెంట్ ఇచ్చింది, మీ దగ్గర కనిపిస్తే ఆపండి, మేం వచ్చి అడుగుతాం" అని మిగతా దేశాలకి పెట్టుకునే విన్నపం, దానికి ఎంత విలువ ఇవ్వాలో ఆయా దేశాల చట్టం ఇష్టం. రెడ్ నోటీసు ఉన్న ఎర్రచందనం కేసు నిందితుడు ఒకతను 2015 ఫిబ్రవరిలో మారిషస్‌లో దొరికాడు, అతన్ని మన దేశానికి తీసుకొచ్చేసరికి నవంబర్ అయింది. దొరకడం వేరు, తేవడం వేరు. మనం పంపే ఛార్జిషీటు, సాక్ష్యాలు అక్కడి న్యాయవ్యవస్థకి నప్పేలా లేకపోతే దొరికినవాడు కూడా చేజారిపోతాడు.

అందరికీ రెడ్ నోటీసే తెలుసు గానీ నాకైతే పర్పుల్ నోటీసు మీద గురి ఎక్కువ. స్మగ్లర్లు సరుకుని ఎలా దాస్తున్నారు, ఏ పేరుతో పంపుతున్నారు అనేది అన్ని దేశాలకీ చెప్పే నోటీసు అది. మనిషి మారినా పద్ధతి అంత త్వరగా మారదు కదా.

అపోహ: కొండల్లో చెట్లు కొట్టేవాళ్ళని పట్టుకుంటే నెట్‌వర్క్ తెగిపోతుంది.

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మనుషుల ప్రాణాలతో ముడిపడిన అపోహ. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో కాల్పుల్లో తమిళనాడుకి చెందిన 20 మంది చనిపోయారు. ఆ తర్వాత స్మగ్లింగ్ ఆగిందా? ఆగలేదు. గొడ్డలి పట్టినవాడు ఈ గొలుసులో అన్నిటికన్నా తేలిగ్గా దొరికేవాడు, అన్నిటికన్నా తేలిగ్గా ఇంకొకడితో భర్తీ అయ్యేవాడు, వాడి పైన మేస్త్రీ, మేస్త్రీ పైన లోడు తీసుకెళ్ళేవాళ్ళు, ముందు బండిలో వెళ్తూ దారి చూసే పైలట్లు, గోడౌన్, తర్వాత ఎగుమతి కాగితాలు సృష్టించేవాడు, ఆ తర్వాత దుబాయ్‌లోనో హాంకాంగ్‌లోనో సింగపూర్‌లోనో సరుకు అందుకునేవాడు. అసలు డబ్బంతా చివరి ముగ్గురి దగ్గరే ఉంటుంది.

పోర్టులో ఏం జరుగుతుందో చూడండి. ఎగుమతిదారు పేరు నిజమే, కంపెనీ నిజమే, షిప్పింగ్ బిల్లులో గ్రానైట్ అనో ఇంకేదో అనో రాసి ఉంటుంది, ఫ్యాక్టరీలో సరుకు నింపి సీల్ వేసిన కంటైనర్ పోర్టుకి వచ్చే దారిలో ఎక్కడో గోడౌన్‌లోకి తిరుగుతుంది, సీల్ ముట్టుకోకుండా తలుపు బోల్టులు ఊడదీసి లోపలి సరుకు మార్చేస్తారు, కొన్నిసార్లు అసలు కంపెనీకి ఈ సంగతే తెలీదు. స్మగ్లింగ్‌ని పట్టే కేంద్ర సంస్థ డీఆర్‌ఐ 'ఆపరేషన్ రక్త చందన్' అని పెట్టినప్పుడు గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో పట్టుకున్న కంటైనర్ షార్జా వెళ్ళాల్సింది, కాగితాల మీద ఉన్నది టాయిలెట్రీస్, అంటే సబ్బుల్లాంటి స్నానం సామాన్లు, లోపల ఉన్నది 11.7 టన్నుల ఎర్రచందనం.

ఇలాంటిది దొరికినప్పుడు దుంగల పక్కన నిలబడి ఫొటో దిగితే కేసు సగమే అయినట్టు. కంటైనర్ నంబరు, సీల్ నంబరు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు), అవతల సరుకు అందుకునేవాడి పేరు, అడ్రసు, బుకింగ్ చేసిన ఫోన్ నంబరు, డబ్బు కట్టిన ఖాతా, ఇవన్నీ ఒక ఫార్మాట్‌లో పెట్టి బయటికి పంపాలి. దానికోసమే ఇంటర్‌పోల్‌కి ఎకోమెసేజ్ అనే ఫార్మాట్ ఉంది, ప్రపంచ కస్టమ్స్ సంస్థ 2009లో ఎన్విరోనెట్ అనే వేదిక పెట్టింది. మన పంచనామాలో అవతలి పేరు స్పెల్లింగ్ తప్పు పడితే ఆ దేశం వాళ్ళు ఎవర్ని వెతకాలి? నేను క్లాసులో దీని మీదే ఎక్కువ టైం పెడతాను.

ఇంకో దారి కూడా ఉంది, సరుకుని పట్టేసుకోకుండా నిఘాలో వదిలి అవతల అందుకునేవాడిని పట్టడం, కంట్రోల్డ్ డెలివరీ అంటాం. 2018లో మన కస్టమ్స్ చట్టంలో 109ఏ సెక్షన్ చేర్చారు, 2022లో రూల్స్ వచ్చాయి. కానీ అవతలి దేశం వాళ్ళని ముందే నమ్మకంలోకి తీసుకోవాలి, ఓడ బయల్దేరాక మెయిల్ రాస్తే సరిపోదు.

అపోహ: స్మగ్లింగ్ ఆపడానికి దేశాలు కలిసి పెట్టుకున్న ఇంత పెద్ద నెట్‌వర్కులన్నీ మీటింగులకే.

కోపం అర్థమవుతుంది, కొంత నిజం కూడా. దక్షిణాసియా దేశాల కోసం 2011లో భూటాన్‌లోని పారోలో సావెన్ అనే వన్యప్రాణి నేరాల నిరోధక నెట్‌వర్క్ మొదలైంది, ఎనిమిది దేశాలు, సెక్రటేరియట్ కాఠ్మండూలో, దాని నిబంధనావళికి మన కేబినెట్ ఒప్పుకున్నది 2016లో. ఐదేళ్ళు! ఈ ఐదేళ్ళలో నేపాల్ మీదుగా టిబెట్ వైపు ఎర్రచందనం వెళ్తూనే ఉంది. అయినా నెట్‌వర్క్ వద్దనలేను, ఎందుకంటే అవతలి ఆఫీసర్ ఫోన్ నంబరు తెలిస్తే గంటల్లో అయ్యే పని, ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి ఉత్తరాల దారిలో నెలలు పడుతుంది. ఆ ఉత్తరాల దారి కూడా కావాలి, కోర్టులో చెల్లే సాక్ష్యం దాని ద్వారానే వస్తుంది, కానీ ఏం అడగాలో తెలిసేది ముందు చేసిన ఫోన్‌ వల్లే.

ఇంటర్‌పోల్, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి వన్యప్రాణి, కలప స్మగ్లింగ్ మీద ఏటా చేసే థండర్ ఆపరేషన్లలో 2024లో 138 దేశాలు పాల్గొన్నాయి, దాదాపు 20 వేల ప్రాణమున్న జంతువుల్ని పట్టుకున్నారు. అందరూ ఒకే వారాల్లో కళ్ళు పెట్టి చూస్తేనే ఇలాంటివి బయటపడతాయి.

అపోహ: మన చట్టంలో శిక్ష పెద్దదా చిన్నదా అన్నది మన ఇంటి విషయం.

కాదు. వ్యవస్థీకృత నేరాల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో, అదే 2000 నాటి పాలెర్మో ఒప్పందంలో, 'తీవ్రమైన నేరం' అంటే గరిష్ఠ శిక్ష కనీసం నాలుగేళ్ళు ఉండాలి. అంతకన్నా తక్కువ రాసుకున్న దేశం ఆ ఒప్పందం కింద సహాయం అడగాలంటే కష్టం. ఇండియా దీన్ని 2011లో ఆమోదించింది.

అపోహ: దేశం దాటిపోయింది, ఇక తిరిగి రాదు.

ప్రాణమున్నవైతే సైటిస్, అంటే ముప్పులో ఉన్న జంతువులు, మొక్కలతో దేశాల మధ్య జరిగే వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం, దాని ఎనిమిదో ఆర్టికల్‌లోనే వెనక్కి పంపే దారి ఉంది. మన వైపు మదనపల్లె చుట్టుపక్కల పట్టి అమ్మే నక్షత్ర తాబేళ్ళు తెలుసు కదా, 2018లో సింగపూర్ నుంచి అలాంటివి 51 కర్ణాటకకి తిరిగొచ్చాయి. మరుసటి ఏడాది ఆ జాతిని సైటిస్ అపెండిక్స్ 1లోకి మార్చారు, అంటే అడవి నుంచి పట్టినవాటితో దేశాల మధ్య వ్యాపారం పూర్తిగా బంద్. దుంగల సంగతి అంత సులువు కాదు, బరువు, ఖర్చు, అక్కడి కోర్టు, అన్నీ అడ్డమే.

చివరిగా రైతుల ప్రశ్న. "సైటిస్‌లో ఉంది కాబట్టి మా పొలంలో ఎర్రచందనం వేస్తే అమ్ముకోలేం" అంటారు చిత్తూరు, కడప వైపు చాలామంది. ఎర్రచందనం 1995 నుంచి అపెండిక్స్ 2లో ఉంది, అది నిషేధం కాదు, పర్మిట్ మీద జరిగే వ్యాపారం. అడవి చెట్టు కొట్టి ఎగుమతి చేయడం నేరం, పట్టా భూమిలో పెంచినదానికి డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర విభాగం) లైసెన్సు, సైటిస్ పర్మిట్ తీసుకుంటే దారి ఉంది. ఈ చెట్టు విషయంలో సైటిస్ ఇండియా మీద 2004 నుంచి నడిపిన ప్రత్యేక సమీక్ష కూడా 2023 నవంబర్‌లో ముగిసింది. కాబట్టి చెట్లు వేసినవాళ్ళు మొక్క కొన్న రసీదు, సర్వే నంబరు, ఏ ఏడాది నాటారు, ఎన్ని నాటారు అన్న రికార్డు ఇప్పట్నుంచే దాచుకోండి, స్థానిక ఫారెస్ట్ ఆఫీసులో రాతపూర్వకంగా తెలియజేసి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. పదిహేనేళ్ళో ఇరవై ఏళ్ళో అయ్యాక పర్మిట్ అడిగే రోజున ఆ చెట్టు అడవిది కాదు మీదే అని చూపించాల్సింది మీరే.