హిస్టోన్ ఎంఆర్ఎన్ఏకి ముడే ప్రాణం

ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది: "కణం విడిపోయే ముందు డీఎన్ఏ రెట్టింపవుతుంది అంటారు కదండీ, మరి ఆ డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్లైన హిస్టోన్‌ల సంగతేంటి?" ఇలాంటి ప్రశ్న వింటే నాకు ప్రాణం లేచివస్తుంది. మన క్లాసుల్లో ఎస్ దశ అనగానే "డీఎన్ఏ రెట్టింపు" అని రాయించి, పరీక్షకి అది చాలని ముందుకెళ్లిపోతారు. ఆ కొద్ది గంటల్లో కణానికి హిస్టోన్‌ల టెన్షన్ తక్కువేం కాదు.

లెక్క చూడండి. మనిషి కణంలో దాదాపు 640 కోట్ల క్షార జతలు. సుమారు 200 జతలకి ఒక న్యూక్లియోసోమ్ (హిస్టోన్ల ఉండకి డీఎన్ఏ చుట్టుకున్న పూస), ఒక్కోదానిలో ఎనిమిది హిస్టోన్‌లు. అంటే ఎనిమిది గంటల ఎస్ దశలో కొత్తగా పాతిక కోట్ల హిస్టోన్‌లు కావాలి. సెకనుకి ఎనిమిది వేల పైచిలుకు! తక్కువైతే డీఎన్ఏ ప్రతికృతి నత్తనడక నడుస్తుంది. ఎక్కువైనా ముప్పే. ధనావేశం నిండిన ఈ ప్రోటీన్లు డీఎన్ఏకీ ఆర్ఎన్ఏకీ ఎక్కడపడితే అక్కడ అతుక్కుపోతాయి.

1991లో చైనీస్ హ్యామ్‌స్టర్ కణాల్లో కొలిచి చూశారు. ముందుండే జీ1 దశ దాటి ఎస్ దశలోకి వచ్చేసరికి హిస్టోన్ ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలు) 35 రెట్లు పెరిగింది, తర్వాతి జీ2 దశలోకి వెళ్లగానే మళ్లీ 35 రెట్లు పడిపోయింది. పెరుగుదలలో కొంత భాగం జన్యువుల దగ్గరే మొదలవుతుంది. సైక్లిన్ ఈ–సీడీకే2 అనే ప్రోటీన్ల జంట ఎన్‌ప్యాట్ అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తే నకళ్ల తయారీ జోరందుకుంటుంది. అయితే ఇలా స్విచ్ పడే జన్యువులు చాలానే ఉన్నాయి. నన్ను కట్టిపడేసేది ఆ ఎంఆర్ఎన్ఏ చివరి భాగం.

"ఎంఆర్ఎన్ఏ చివర పాలీ-ఏ తోక ఉంటుంది" అని నియమంలా నేర్పుతాం, అంటే ఏ అనే ఆర్ఎన్ఏ అక్షరం వరసగా ఉన్న తోక. జంతువుల్లో ఎస్ దశ హిస్టోన్‌లకి ఆ తోకే లేదు! దాని బదులు, పూలదండ చివర వేసిన ముడిలాగా, 16 అక్షరాల మెలిక ఉంటుంది. ఆరు జతల కాండం, దానిపైన నాలుగు అక్షరాల ఉచ్చు. ముడి నిలిచినంతసేపూ పూలు జారవు. దాన్ని వేలితో పట్టుకునేది ఎస్ఎల్‌బీపీ అనే ప్రోటీన్. ముడికి కాస్త దిగువన యూ7 అనే చిన్న ఆర్ఎన్ఏ జత కుదుర్చుకుని చోటు చూపిస్తే, సీపీఎస్ఎఫ్-73 ఎంజైమ్ మిగిలిన దారాన్ని కత్తిరిస్తుంది. దండ కేంద్రకం దాటి రైబోసోమ్ దాకా వెళ్లినా ఆ వేలు వదలదు. ఎస్ దశ ముగిసేసరికి ఎస్ఎల్‌బీపీ 60, 61 స్థానాల్లోని అమైనో ఆమ్లాలైన థ్రియోనిన్‌ల మీద ఫాస్ఫేట్లు పడతాయి, ప్రోటియాసోమ్ అనే కణయంత్రం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఇక కొత్త దండలు కట్టడం కుదరదు.

అప్పటికే కట్టినవి? ఎరి1 అనే ఎంజైమ్ ముడి అంచును కొరుకుతుంది, ఆ కొనకి వరసగా యూ అక్షరాలు చేరతాయి. వాటిని ఎల్‌ఎస్‌ఎమ్1-7 అనే ప్రోటీన్ల వలయం పట్టుకోగానే దండ రెండు వైపుల నుంచీ కరిగిపోతుంది.

అంతా ముడి మహిమేనా అని అనుమానం రావాలి. 1987లో పరిశోధకులు పాండే, మార్జ్‌లఫ్ ఆ చివరి 30 అక్షరాలని తీసుకెళ్లి గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లోని ప్రోటీన్) ఎంఆర్ఎన్ఏకి అతికించారు. మామూలుగా గ్లోబిన్ ఎంఆర్ఎన్ఏకి డీఎన్ఏ తయారీతో పనే లేదు. ముడి తగిలించాక మాత్రం, డీఎన్ఏ తయారీ ఆపగానే అది కూడా హిస్టోన్ ఎంఆర్ఎన్ఏలాగే కరిగిపోయింది. ఇంత చక్కటి ప్రయోగం పాఠ్యపుస్తకాల్లో ఉండాలి. ఇంకో షరతు కూడా ఉంది: రైబోసోమ్ ఆ ముడికి దగ్గర్లోనే అనువాదం ముగించాలి. ఆపు గుర్తు బాగా ముందే వస్తే ఎంఆర్ఎన్ఏ కరగనని మొండికేస్తుంది.

డీఎన్ఏ తయారీని ఆపడానికి ఈ ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది హైడ్రాక్సీయూరియా. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ రోగులకి ఇచ్చే మందు కూడా అదే. డీఎన్ఏకి కావలసిన ముడిసరుకు తయారుకాకుండా చేస్తుంది. కణాల్లో అది పడగానే హిస్టోన్ ఎంఆర్ఎన్ఏ నిమిషాల్లో తరగడం మొదలవుతుంది.

మరి విభజన మానేసిన నాడీకణానికి హిస్టోన్ అవసరమైతే? దానికి హెచ్3.3 లాంటి వేరే హిస్టోన్‌లు ఉన్నాయి. వాటి జన్యువుల్లో ఇంట్రాన్లు (ఎంఆర్ఎన్ఏ నుంచి కత్తిరించి తీసేసే మధ్య ముక్కలు) ఉంటాయి, ఎంఆర్ఎన్ఏకి పాలీ-ఏ తోక ఉంటుంది. డీఎన్ఏ రెట్టింపవుతున్నా లేకున్నా అవి తయారవుతూనే ఉంటాయి.