కనకాంబరం రంగు చొక్కా ఆఫీసుకి పనికొస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆఫర్ లెటర్ అందుకున్నవాళ్ళు చేరే ముందు అడిగేవి ముఖ్యంగా రెండు ప్రశ్నలు. మొదటిది, జీతం ఏ తేదీకి పడుతుందని. రెండోది కాస్త మొహమాటంగా అడుగుతారు: "ఏం వేసుకుని రమ్మంటారండీ?"

పదిహేనేళ్ళుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను. అందులో సగం కాలం ఈ రెండో ప్రశ్నకి నా జవాబు ఒకటే: "ఇక్కడ అంత పట్టింపేం లేదండీ, మీ ఇష్టం." అలా చెప్పి వాళ్ళకేదో మేలు చేస్తున్నాననే అనుకునేదాన్ని. ఆ మాట విన్నవాళ్ళే మొదటి నెలంతా నలుపు, బూడిద, ముదురు నీలం తప్ప వేసుకోకపోవడం చూశాక విషయం తలకెక్కింది. "మీ ఇష్టం" అన్నప్పుడు కొత్తవాళ్ళకి వినబడేది వేరు: "నియమం ఉంది, కానీ చెప్పం, మీరే కనుక్కోండి" అని.

రంగు బట్టల గురించి నా బల్ల దగ్గరికొచ్చే మాటలు కొన్ని రాస్తున్నాను. వాటిలో చాలావరకు అపోహలే. కొన్ని సగం నిజాలు.

అపోహ: కొట్టొచ్చినట్టుండే రంగులు వేసుకునేవాళ్ళని పనిలో ఎవరూ లెక్కచెయ్యరు

నా అనుభవంలో రంగు మీద వచ్చే ఫిర్యాదులో రంగు ఉండదు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

ఒకసారి ఒక మేనేజరుగారు వచ్చి, తన టీములో కుర్రాడు చిలకపచ్చ చొక్కా వేసుకొస్తున్నాడనీ, "ఆఫీసులా లేదు" అనీ అన్నారు. ఇలాంటప్పుడు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. అదే చొక్కా ఇస్త్రీ చేసి, సరైన కొలతలో ఉంటే మీకు ఇబ్బందేనా? అదే చొక్కా మీ టీములో బాగా పనిచేసే ఫలానా ఆయన వేసుకొస్తే మీరు నా దగ్గరికి వచ్చేవారా? బయటివాళ్ళెవరైనా ఆ రోజు వచ్చారా? మొదటి ప్రశ్నకి ఆయన "అబ్బే, ఇస్త్రీ బాగానే ఉంది" అన్నారు. మూడోదానికి "ఎవరూ రాలేదు" అన్నారు. రెండోదాని దగ్గర ఆగిపోయారు. ఆ ముందు వారం మీటింగులో ఆ కుర్రాడు అందరి ముందూ ఆయన లెక్క తప్పని చెప్పాడట. చొక్కా పాపం అనవసరంగా ఇరుక్కుంది.

అన్ని ఫిర్యాదులూ ఇలా ముగియవు. చాలావాటిలో నలిగిన కాలరో, బిగుతైన బొత్తాలో, వెలిసిపోయిన మెడపట్టీయో బయటపడుతుంది. నలిగిన తెల్ల చొక్కాని ఎవరూ పట్టించుకోరు. అదే నలిగిన పసుపు చొక్కా గది అవతల నుంచే కనబడుతుంది. రంగు చేసే పని అంతే, ఉన్నదాన్ని పెద్దగా చూపిస్తుంది. శుభ్రంగా ఉంటే శుభ్రతని, నిర్లక్ష్యంగా ఉంటే నిర్లక్ష్యాన్ని. కాబట్టి ముదురు, మెరుపు రంగులు ఇష్టపడేవాళ్ళకి నా సలహా రంగు మానేయమని కాదు, ఇస్త్రీ పెట్టె కొనుక్కోమని.

దీనికి రెండో వైపు కూడా ఒకటుంది. అందరికంటే భిన్నంగా వేసుకుంటే గౌరవం పెరుగుతుందని కూడా కొందరు చెప్తుంటారు. ఆ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 2014లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో ముగ్గురు పరిశోధకుల వ్యాసం వచ్చింది. ఎర్ర బూట్ల పేరుతో అది బాగా ప్రచారమైంది. అందరూ ఒక పద్ధతిలో వచ్చే చోటికి ఒకరు ఆ పద్ధతి తప్పి వస్తే, చూసేవాళ్ళు కొన్నిసార్లు ఆ మనిషికి ఎక్కువ హోదా అంటగడతారని దాని సారాంశం. అయితే షరతులున్నాయి. ఆ తప్పడం కావాలని చేసినట్టు కనబడాలి, చూసేవాళ్ళకి అక్కడి పద్ధతి తెలిసుండాలి. తెలియక చేసినట్టు కనిపిస్తే ఆ లాభం లేదు. అంటే నిన్న చేరినవాళ్ళకి ఇది కలిసిరావడం కష్టం, ఎందుకంటే వాళ్ళు ఏం చేసినా "తెలీక చేశారు" అనే అనుకుంటాం. ఆరునెలలు ఆగి అప్పుడు ఉలిపికట్టె వేషం వేసుకోండి. తొందరేం లేదు.

అపోహ: డ్రెస్ కోడ్ సడలించిన ఆఫీసులో నియమమే ఉండదు

కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ సీఈవో మేరీ బార్రా, ఆ పదవికి రాకముందు అక్కడే హెచ్‌ఆర్ అధిపతిగా ఉన్నారు. అప్పటికి ఆ కంపెనీ డ్రెస్ కోడ్ పది పేజీలు. ఆవిడ దాన్ని రెండు మాటలకి కుదించారు. తెలుగులో చెప్పాలంటే "తగినట్టు వేసుకోండి", అంతే. మొదట అభ్యంతరం పెట్టింది ఎవరనుకుంటున్నారు? మా జాతివాళ్ళే, హెచ్‌ఆర్ విభాగం. టీషర్టుల మీద ఏం రాసుండకూడదో కనీసం అదైనా చేర్చాలి కదా అని. (ఈ భాగం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నేనైతే ఇంకో రెండు పేజీలు కలిపి పంపేదాన్ని.)

తర్వాత ఒక సీనియర్ డైరెక్టర్ నుంచి ఫిర్యాదు వచ్చింది. తన టీమువాళ్ళు అప్పుడప్పుడు ప్రభుత్వ అధికారుల్ని ఉన్నపళంగా కలవాల్సి వస్తుంది, ఈ రెండు మాటలతో కుదరదు అని. మీ టీముతో మాట్లాడి చూడండి అని ఆవిడ చెప్పారు. కొద్ది నిమిషాల్లోనే ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. అధికారుల్ని కలిసే ఆ నలుగురూ ఒక్కో మంచి ప్యాంటు లాకర్లో ఉంచుకుంటారట. అక్కడితో అయిపోయింది.

నేను ఈ కథ నుంచి దొంగిలించింది లాకర్ని. నా సొరుగులో మడత చెడని ముదురు నీలం జాకెట్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. లోపల కనకాంబరం రంగు వేసుకున్నా, వంకాయ రంగు వేసుకున్నా, ఎవరైనా హఠాత్తుగా వస్తే అది పైన పడుతుంది. రంగుల పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంతకన్నా చవకైన బీమా లేదు.

అపోహ: ఆఫీసుకి రంగు చొక్కాలు ఈ తరం తెచ్చిన పోకడ

నిజానికి సడలించిన ఆఫీసు బట్టల చరిత్రలో ముందు వచ్చింది రంగే. 1962లో అమెరికా దీవుల రాష్ట్రం హవాయిలో అక్కడి దుస్తుల తయారీదారుల సంఘం చట్టసభ సభ్యులందరికీ తలా రెండు పూల చొక్కాలు పంచింది. వేసవిలో ఉక్కపోత, పైగా అక్కడి బట్టల పరిశ్రమకి ఊతం, రెండు కారణాలూ కలిశాయి. 1966 నాటికి అది 'అలోహా ఫ్రైడే' అయింది, వారంలో ఆ ఒక్క రోజు ఉద్యోగులు పూల చొక్కాల్లో రావచ్చు. శుక్రవారం మామూలు బట్టల్లో ఆఫీసుకి రానిచ్చే క్యాజువల్ ఫ్రైడేకి మూలం అదే.

మరి ఆ పూలన్నీ ఏమయ్యాయి? క్యాజువల్ అనగానే మనకి లేత గోధుమ రంగు ప్యాంటు, నీలం చొక్కా ఎందుకు గుర్తొస్తాయి? దానికి ఒక కరపత్రం చాలావరకు కారణం. డాకర్స్ పేరుతో ఖాకీ ప్యాంట్లు అమ్ముతున్న లీవైస్ కంపెనీ, 1992లో ఆఫీసు క్యాజువల్ ఎలా ఉండాలో చెప్పే చిన్న పుస్తకాన్ని అమెరికాలో దాదాపు 25,000 మంది హెచ్‌ఆర్ వాళ్ళకి పంపింది. అందులో పద్ధతైన బట్టలుగా కనిపించినవి సహజంగానే వాళ్ళ సరుకు. ఆ పుస్తకం చూసి ఎన్ని కంపెనీల పాలసీలు తయారయ్యాయో గాని, "మర్యాదైన క్యాజువల్ రంగులు" అని మనం అనుకునేవాటిలో కొంత భాగం ఒకరి అమ్మకాల ప్రణాళిక. ఇది తెలిశాక పాలసీలో రంగుల జాబితా రాయడం మానేశాను.

జపాన్ సంగతి ఇంకా బాగుంటుంది. 2005లో అక్కడి పర్యావరణ శాఖ వేసవిలో ఆఫీసు ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టమనీ, టై, కోటు మానమనీ 'కూల్ బిజ్' మొదలుపెట్టింది. 2011 భూకంపం తర్వాత కరెంటు కొరత రావడంతో ఇంకో మెట్టు దిగి, పోలో చొక్కాలు, హవాయి పూల చొక్కాలు కూడా సరేనంది. లాంఛనాలకి పేరుబడ్డ ప్రభుత్వ కార్యాలయాల్లో పూల చొక్కాలకి దారి చేసింది ఫ్యాషన్ కాదు, కరెంటు.

అపోహ: ఎరుపు వేసుకుంటే అధికారం, నీలం వేసుకుంటే నమ్మకం

ఇలాంటి పట్టికలు ఫోనుల్లో తెగ తిరుగుతాయి. నమ్మకండి. బట్టలు మన ఆలోచన మీద పనిచేస్తాయన్న వాదనకి అందరూ చూపించేది 2012లో ఆడమ్, గలిన్‌స్కీ అనే పరిశోధకులు చేసిన తెల్లకోటు ప్రయోగాల్ని. ప్రయోగశాల కోటు తొడుక్కున్నవాళ్ళకి ఏకాగ్రత పెరిగిందని మొదటి ప్రయోగంలో తేలింది. అదే ప్రయోగాన్ని 2019లో ఇంకా ఎక్కువ మందితో మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. రంగు గురించి అయితే అక్కడ అసలు పరీక్షే లేదు, అన్నీ తెల్లకోట్లే. మీకు ఎరుపు వేసుకుంటే హుషారుగా ఉంటుందా, వేసుకోండి. అందుకు శాస్త్రం సంతకం అక్కర్లేదు.

అపోహ: నలుపు, బూడిద అయితే ఏ గొడవా ఉండదు

నలుపంత నిష్ఠూరమైన రంగు ఇంకోటి లేదు. దూది నలుసు, చుండ్రు, పౌడరు, కుక్క బొచ్చు అన్నీ దాని మీదే లెక్కపెట్టుకోవచ్చు. పది ఉతుకులకి అదో రకం గోధుమ బూడిదగా మారుతుంది. మోకాళ్ళ దగ్గర, కుట్టు అంచుల దగ్గర ముందుగా. వెలిసిన నల్ల ప్యాంటు కన్నా కొత్త ఇటుక రంగు ప్యాంటు వందరెట్లు నయం.

రంగు బట్టలతో నిజమైన గొడవ ఒకటుంది, దాని గురించి మాత్రం ఎవరూ చెప్పరు: రంగు దిగడం. ముదురు నీలం జీన్సు, ముదురు ఎరుపు బట్ట కొత్తలో కుర్చీకీ, సంచికీ, లేత రంగు లోపలి బట్టకీ అంటుకుంటాయి. మా ఆఫీసులో లేత బూడిద రంగు కుర్చీ ఒకటి ఇప్పటికీ సాక్ష్యంగా ఉంది. బట్టల మిల్లుల్లో దీనికి పరీక్షలున్నాయి. తెల్లగుడ్డతో పొడిగా, తడిగా రుద్ది, ఎంత రంగు అంటిందో 1 నుంచి 5 వరకు మార్కులేస్తారు, 5 అంటే అసలు అంటలేదని. ఇంట్లోనూ చేసుకోవచ్చు: తడి తెల్ల రుమాలుతో లోపలి మడత మీద పదిసార్లు రుద్దండి. రంగు దిగితే విడిగా, చన్నీళ్ళలో, తిరగేసి రెండు మూడుసార్లు ఉతికాకే ఆఫీసుకి.

అపోహ: రంగులు ఆడవాళ్ళకి సరే, మగవాళ్ళకి బాగోవు (లేదా దీనికి తిరగేసింది)

నేను రెండూ విన్నాను, ఒకే అంతస్తులో. పూల చొక్కా అతను వేసుకుంటే "భలే సరదా మనిషి", పూల డ్రెస్ ఆమె వేసుకుంటే "సాయంత్రం ఏమైనా ఫంక్షనా?". నియమం ఎవరికైనా ఒకటే ఉండాలి, లేదా ఉండకూడదు. బ్రిటన్‌లో ఎత్తు మడమల చెప్పులు వేసుకోనన్నందుకు ఒక రిసెప్షనిస్టుని మొదటి రోజే ఇంటికి పంపేస్తే, ఆమె పెట్టిన అర్జీ మీద లక్షన్నరకి పైగా సంతకాలు పడ్డాయి, 2017 జనవరిలో పార్లమెంటు కమిటీలు దాని మీద నివేదికే ఇచ్చాయి. పాలసీ రాసేవాళ్ళు ఒక వాక్యం రాసి, అందులో 'ఆమె' తీసి 'అతను' పెట్టి చదివి చూసుకుంటే చాలు. నవ్వొచ్చిందంటే కొట్టేయండి.

అపోహ: వీడియో మీటింగుకి ఏ రంగైనా ఒకటే

ఇక్కడ మాత్రం కొంచెం తేడా ఉంది, అదీ కెమెరా వల్ల. సన్నని చారలు, చిన్న గళ్ళు తెర మీద అలల్లా వణుకుతాయి. తళతళలాడే తెలుపు వేసుకుంటే కెమెరా వెలుతురు తగ్గించుకుని మొహం నల్లబరుస్తుంది. వెనక వేరే దృశ్యం చూపించడానికి పచ్చతెర పెట్టుకునేవాళ్ళు చిలకపచ్చ వేసుకుంటే తల మాత్రమే మీటింగుకొస్తుంది. అంతకు మించి ఏం లేదు.

అపోహ: టీషర్టు మీద చిన్న రాతే కదా, ఎవరు చదువుతారు

అందరూ చదువుతారు. రంగు మీద వచ్చే ఫిర్యాదుల్ని తేలిగ్గా తీసుకుంటాను గాని, రాతల మీద వచ్చేవాటిని తీసుకోను. మీ టీషర్టు మీదున్న వాక్యాన్ని లేచి నిలబడి, మీటింగులో అందరికీ వినబడేలా చదవగలిగితే వేసుకోండి.

ఇప్పుడు చేరేవాళ్ళకి "మీ ఇష్టం" అని రాయడం మానేశాను. మెయిల్లో ఒక ఫొటో పెడతాను. ఎవరూ ముస్తాబవ్వని మామూలు మంగళవారం మధ్యాహ్నం, టీమువాళ్ళ అనుమతితో తీసింది. అందులో ఒకాయన గళ్ళ చొక్కా, ఒకావిడ నెమలికంఠం రంగు డ్రెస్, ఇద్దరు నల్ల టీషర్టులు, ఒకడు పసుపు సాక్సులు. కింద మూడు ముక్కలు: ఉతికినవి, ఇస్త్రీ చేసినవి, కూర్చుని లేవడానికి ఇబ్బంది లేనివి. బయటివాళ్ళు వచ్చే రోజైతే ముందే చెప్తాం.

ఇంటర్వ్యూకి ఏం వేసుకోవాలని అడుగుతారు కొందరు. పిలిచినవాళ్ళనే అడగండి. ఆ ప్రశ్నకి ఇంతవరకు నేను ఎవరికీ మార్కులు తగ్గించలేదు.