సీబీపీ చూసి సైకిలెక్కడం

రక్త క్యాన్సర్ అని తేలిన మనిషికి మన ఇళ్లలో అన్నిటికంటే ముందు అందే సలహా, ఇక ఏ పనీ పెట్టుకోకుండా పడుకోమని. కూరగాయల సంచి మోయనివ్వరు, మేడ మెట్లు ఎక్కనివ్వరు, మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చి ఇస్తారు. ఇందులో ప్రేమ ఉంది. చికిత్స తొలి వారాల్లో కొంత అవసరమూ ఉంది. అయితే ఆ వారాలు నెలలై, నెలలు ఏళ్లయ్యాక కూడా అదే పద్ధతి కొనసాగితే, వ్యాధి చేసిన నష్టానికి పడక చేసే నష్టం తోడవుతుంది. ఈ రెండో నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు, అందుకు సైకిల్ ఎంతో పనికొస్తుంది. కాకపోతే ఏ రోజు, ఎక్కడ, ఎంతసేపు తొక్కాలన్నది ధైర్యాన్ని బట్టి కాకుండా సీబీపీ అనే రక్త పరీక్ష కాగితాన్ని బట్టి, చికిత్స చేస్తున్న వైద్యుల మాటను బట్టి నిర్ణయించుకోవాలి.

పడక ఎంత నష్టం చేస్తుందో 1966లో అమెరికాలోని డాలస్ నగరంలో జరిగిన ఒక ప్రయోగం స్పష్టంగా చూపించింది. ఏ జబ్బూ లేని, ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు యువకులను మూడు వారాల పాటు మంచం మీదే ఉంచారు. మంచం దిగేనాటికి, శ్రమపడేటప్పుడు శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం వాళ్లలో సగటున నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, మూడు దశాబ్దాల్లో మీద పడిన వయసు కంటే ఆ మూడు వారాల పడకే వాళ్ల సామర్థ్యాన్ని ఎక్కువగా దెబ్బతీసిందని తేలింది. వాళ్లు ఆరోగ్యవంతులు. రక్త క్యాన్సర్ ఉన్నవారికి వ్యాధి ఒకవైపు, కీమో మరొకవైపు. వీటికి తోడు రక్త క్యాన్సర్ రకాలైన లింఫోమా, మైలోమా, కొన్ని రకాల లుకేమియా చికిత్సలో వాడే డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు తొడ కండరాలను బాగా కరిగిస్తాయి. నేల మీద కూర్చున్న మనిషి చేతి ఆసరా లేకుండా లేవలేకపోవడం, మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి మోపాల్సి రావడం ఈ కండరాలు బలహీనపడ్డాయనడానికి గుర్తులు. సైకిల్ తొక్కేటప్పుడు ఎక్కువ పని పడేది సరిగ్గా ఈ తొడ కండరాలకే. పైగా ఒంటి బరువులో చాలా భాగం సీటు మీద ఉంటుంది కనుక, పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ కీళ్లకు తగిలే తాకిడి ఇందులో ఉండదు.

ఇక రక్తం సంగతి. ఎముకల్లోని మూలుగ రోజుకు దాదాపు 20 వేల కోట్ల ఎర్ర కణాలను తయారు చేస్తుంది. రక్త క్యాన్సర్లలో చాలా వాటికి పుట్టిల్లు ఆ మూలుగే. అక్కడ చెడ్డ కణాలు చోటు ఆక్రమించినా, కీమో మందులు మంచి కణాల పుట్టుకను కూడా అడ్డుకున్నా ఫలితం ఒక్కటే: కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్యలు, పడిపోతాయి. అయితే అన్నీ ఒకేసారి పడవు. ఎర్ర కణం ఆయుష్షు 120 రోజులు, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్‌ది ఎనిమిది నుంచి పది రోజులు, సూక్ష్మజీవులను ఎదుర్కొనే న్యూట్రోఫిల్ రక్తంలో ఉండేది మరీ తక్కువ కాలం. అందుకే చాలా రకాల కీమోలలో మందు ఎక్కిన వారం, రెండు వారాల మధ్య న్యూట్రోఫిళ్లు, ప్లేట్‌లెట్లు అట్టడుగుకు వెళతాయి. రక్తహీనత మెల్లగా, వెనకగా వస్తుంది. పోయిన వారం చక్కగా సైకిల్ తొక్కిన మనిషికి ఈ వారం అదే సైకిల్ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. మన డయాగ్నస్టిక్ సెంటర్లలో సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్) అని అందరూ పిలిచే చవకైన పరీక్షలో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిళ్ల అంకెలు ఉంటాయి. ఒక్కొక్క అంకె ఒక్కొక్క విషయాన్ని నిర్ణయిస్తుంది.

హిమోగ్లోబిన్ ఎంతసేపు, ఎంత గట్టిగా అన్నది చెబుతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోయగలదు. అంటే హిమోగ్లోబిన్ 14 గ్రాములు ఉన్న మనిషి రక్తం ప్రతి 100 మిల్లీలీటర్లలో దాదాపు 19 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, 8 ఉన్నవారిలో 11కు లోపే ఉంటుంది. ఆ లోటును పూడ్చడానికి గుండె కూర్చున్నప్పుడు కూడా వేగంగా కొట్టుకుంటుంది. మాసబ్‌ట్యాంక్ నుంచి బంజారాహిల్స్ ఎక్కే రోడ్డు మామూలు రోజుల్లో ఎవరికైనా కాస్త ఆయాసం తెప్పిస్తుంది. రక్తహీనత ఉన్నప్పుడు చదునైన నెక్లెస్ రోడ్డు కూడా అంతే ఎత్తుగా అనిపిస్తుంది. గుండె ముందే వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి, చేతి గడియారం చూపించే గుండె వేగాన్ని బట్టి శ్రమను అంచనా కట్టడం ఇలాంటప్పుడు సరికాదు. అంతకంటే నమ్మకమైన కొలత మాట. తొక్కుతూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి; పాట ఎత్తుకోవాలంటే మాత్రం ఊపిరి చాలకూడదు. మాట కూడా తెగిపోతుంటే వేగం తగ్గించాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా దిగిపోవాలి, వైద్యులకు వెంటనే చెప్పాలి.

రక్తం తక్కువగా ఉన్నప్పుడు కండరాన్ని కష్టపెట్టడం దేనికన్న సందేహం సహజం. సాధన చేసిన కండరంలో ఆక్సిజన్‌ను శక్తిగా మార్చే మైటోకాండ్రియాలు పెరుగుతాయి, వాటికి రక్తాన్ని అందించే సన్నని కేశనాళికలు కూడా పెరుగుతాయి. మూలుగ ఇచ్చే హిమోగ్లోబిన్‌ను మనం మన ఇష్టప్రకారం పెంచుకోలేము కానీ, ఉన్నదాన్ని బాగా వాడుకునేలా కండరాన్ని తయారు చేసుకోగలం. క్యాన్సర్‌లో వచ్చే నీరసం ఎంత నిద్రపోయినా తీరనిది. దాన్ని తగ్గించే మార్గాల్లో గట్టి ఆధారాలున్నది క్రమమైన వ్యాయామమేనని ఇప్పుడు వైద్య ప్రపంచం అంగీకరిస్తోంది. 1997లో జర్మనీ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనం ఇందులో మొదటి తరానిది. తీవ్రమైన కీమో తీసుకుని, రక్తాన్ని పుట్టించే తమ సొంత మూలకణాలనే తిరిగి ఎక్కించుకున్న 70 మంది క్యాన్సర్ రోగుల్లో 33 మంది చేత ఆసుపత్రిలోనే, మంచం మీద వెల్లకిలా పడుకుని తొక్కే పెడళ్లతో రోజూ అరగంట సాధన చేయించారు. ఒక నిమిషం తొక్కడం, ఒక నిమిషం ఆగడం, అంతే. ఇంటికి వెళ్లేనాటికి సాధన లేనివారి శక్తి, సాధన చేసినవారి శక్తి కంటే 27 శాతం ఎక్కువగా తరిగిపోయింది. తొక్కినవారిలో న్యూట్రోఫిళ్లు కూడా ముందుగా కోలుకున్నాయి. కెనడాలోని ఆల్బర్టాలో 122 మంది లింఫోమా రోగులతో జరిగి, 2009లో వెలువడిన మరో అధ్యయనంలో దాదాపు సగం మంది చేత పన్నెండు వారాల పాటు, వారానికి మూడుసార్లు కదలని సైకిల్ తొక్కించారు. వాళ్ల దేహ సామర్థ్యం పెరిగింది, నీరసం తగ్గింది, కీమో పూర్తి కావడానికి ఏ ఆటంకమూ కలగలేదు. అయితే సైకిల్ తొక్కితే రక్తంలోని క్యాన్సరే పోతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మవద్దు. వ్యాధిని అదుపు చేసేది మందు. ఆ మందును తట్టుకుని నిలబడగలిగే ఒంటిని ఇచ్చేది సైకిల్.

ప్లేట్‌లెట్లు చెప్పేది వేరు: ఏ సైకిల్ అన్నది. మామూలుగా ఇవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. 50,000 కంటే తగ్గితే రోడ్డు సైకిల్ మానమని, 20,000 కంటే తగ్గితే బలం పెట్టి తొక్కడం కూడా వద్దని, 10,000 కంటే దిగువకు పోతే ప్లేట్‌లెట్లు ఎక్కించేదాకా ఆగమని వైద్యులు సాధారణంగా చెబుతారు. తొక్కడం వల్ల రక్తస్రావం అవుతుందని కాదు, భయమంతా పడిపోవడం గురించే. తలకు తగిలిన చిన్న దెబ్బ కూడా లోపల రక్తం ఆగకుండా కారేందుకు దారి తీయవచ్చు. ఉబ్బిన ప్లీహం (స్ప్లీన్) ఉన్నవారికి పొట్టకు హ్యాండిల్ తగిలితే అది పగిలే ప్రమాదం ఉంది. మన నగరంలో తెల్లవారుజామున సైకిల్ మీద వెళ్లేవారిని వెంటబడే వీధికుక్కల గురించి, వానాకాలంలో నీళ్ల కింద దాగిన గుంతల గురించి హైదరాబాదీలకు నేను చెప్పనక్కర్లేదు. కుక్క తరుముతుంటే బెదిరి హ్యాండిల్ తిప్పేస్తాం. కౌంట్స్ తక్కువగా ఉన్న మనిషికి ఆ ఒక్క క్షణం చాలు.

న్యూట్రోఫిళ్లు ఎక్కడ అన్నది తేలుస్తాయి. ఇవి 500 కంటే తగ్గితే, మామూలు మనుషులను ఏమీ చేయని బూజు కూడా ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణాల మీదికి తెస్తుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు తవ్విన మట్టిలో, కూల్చిన కట్టడాల దుమ్ములో ఉంటాయి. గచ్చిబౌలి, కోకాపేట వైపు ఏ వీధి చూసినా తవ్వకమే. క్రిప్టోకాకస్ అనే మరో శిలీంధ్రం పావురాల రెట్టలో పెరుగుతుంది. జొన్నలు చల్లి వేల పావురాలను మేపే కూడళ్లు మనకు ఎన్నో ఉన్నాయి, బాల్కనీల్లోనూ వాటి గూళ్లే. రోగనిరోధక శక్తి తగ్గినవారు అలాంటి చోట్ల గట్టిగా ఊపిరి పీలుస్తూ తొక్కకూడదు. బాల్కనీలో సైకిల్ పెట్టుకున్నవారు ఎండిన రెట్టను తామే ఊడ్చకూడదు. ఆ రోజుల్లో ఇంట్లో, నలుగురూ తిరగని గదిలో తొక్కడమే మంచిది. ఒంటి వేడి 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని చూద్దామని ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

కౌంట్స్ బాగున్న రోజుల్లో, వైద్యులు సరేనన్నాక, బయట తొక్కడానికి 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ నాకు అన్నిటికంటే అనువైనదిగా కనిపిస్తుంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా మరొకటి. పైన 16 మెగావాట్ల సౌర ఫలకాల కప్పు ఉంటుంది. ఇది సౌకర్యం మాత్రమే కాదు. ఇతరుల మూలకణాలు ఎక్కించుకున్నవారిలో ఎండ తగలడం వల్ల చర్మం మీద ఆ దాత కణాల దాడి రేగవచ్చు. మెథోట్రెక్సేట్ వంటి మందులు వాడేవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. వాళ్లకు ఆ నీడ వైద్యపరంగా విలువైనది. అయినా ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండకు నీడ కూడా చాలదు, పొద్దున్నే ముగించాలి.

కొన్ని మందుల గుర్తులు సీబీపీలో కనిపించవు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు నరాలను దెబ్బతీసి వేళ్లకు తిమ్మిరి తెస్తుంది. బ్రేకు ఎంత గట్టిగా పట్టుకున్నామో చేతికి తెలియదు, పెడల్ మీద పాదం ఎక్కడుందో కాలికి తెలియదు. డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ అనే కీమో మందులు గుండె కండరాన్ని బలహీనపరచగలవు కనుక, అవి తీసుకున్నవారు సాధన పెంచే ముందు గుండె పనితీరు చూపే ఎకో పరీక్ష సంగతి అడగాలి. మైలోమా ఎముకలనే తొలిచేస్తుంది. వెన్నుపూసలో గాని, తొడ ఎముకలో గాని రంధ్రాలున్నవారు వీపుకు ఆనుకునే వీలున్న కదలని సైకిల్‌తోనే సరిపెట్టుకోవాలి. తొక్కాక ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో ఇబుప్రోఫెన్ కొని మింగడం వీళ్ల మూత్రపిండాలకు హాని, ప్లేట్‌లెట్లు తక్కువున్న ఎవరికైనా హాని.

మెల్లగా ముదిరే రక్త క్యాన్సర్ అయిన క్రానిక్ మైలాయిడ్ లుకేమియా కథ వేరు, అక్కడ సాధన జీవితకాలపు వ్యవహారం. ఈ వ్యాధి కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమ్ ఉందని 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ గుర్తించారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి మారడం వల్ల అది ఏర్పడుతుందని 1973లో జానెట్ రౌలీ చూపించారు. ఆ అతుకు నుంచి పుట్టే ఎంజైమును అడ్డుకునే ఇమాటినిబ్ అనే మాత్ర 2001లో అమెరికాలో ఆమోదం పొందింది. దాని జెనరిక్ రూపాన్ని, అంటే ఇతర కంపెనీలు చవకగా చేసే అదే మందును, తయారు చేసిన తొలి కంపెనీల్లో మన హైదరాబాద్ నాట్కో ఒకటి. పేటెంట్ వివాదంలో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు జెనరిక్‌ల పక్షాన రావడంతో ఆ మందు మామూలు మనుషులకు అందుబాటులో నిలిచింది. ఇప్పుడు మందు బాగా పనిచేసినవారి ఆయుష్షు ఇతరుల ఆయుష్షుకు దగ్గరగా వచ్చింది.

నల్లకుంటలో ఉండే మా మేనమామది ఈ జబ్బే. టిఫిన్ తిని, పెద్ద గ్లాసు నీళ్లతో మాత్ర వేసుకుని, ఓ గంట ఆగి ఎక్సర్‌సైజ్ సైకిలెక్కుతారు. ఇమాటినిబ్ వాడేవారికి పిక్కలు పట్టేయడం మామూలే. రాత్రి పడుకున్నాక పిక్క రాయిలా బిగుసుకుంటే ఆయన గోడకు పాదం ఆనించి, వేళ్లను తనవైపు లాక్కుని, కండరం వదిలేదాకా అలాగే ఉంటారు. మొదట్లో అది సైకిల్ వల్లే అనుకుని మానేశారు. మానేసినా పట్టేయడం ఆగలేదు. డాక్టరు గారితో మాట్లాడి, గట్టి తొక్కుడు తగ్గించి, నిమిషాలు పెంచుకున్నారు. మూడు నెలలకోసారి చేయించుకునే బీసీఆర్-ఏబీఎల్ పరీక్షకూ (ఆ అతుకు జన్యువు ఎంత మిగిలిందో చూసేది) సీబీపీకీ రక్తం ఇచ్చే రోజు మాత్రం ముందు రక్తం, తర్వాతే సైకిల్. గట్టిగా తొక్కినప్పుడు రక్తనాళాల గోడలను, ప్లీహాన్ని అంటిపెట్టుకున్న తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు ప్రవాహంలోకి వచ్చి కాసేపు అంకెలను పెంచి చూపుతాయి. ఆ అంకెలు చూసి ఇంటిల్లిపాదీ అనవసరంగా భయపడటం నాకు తెలుసు.

ఇంట్లో సైకిల్ పెట్టుకోగలిగినవారి మాట సరే. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి, పంజాగుట్ట నిమ్స్‌కు జిల్లాల నుంచి వచ్చి వారాల తరబడి ఉండేవారికి అది ఎక్కడ దొరుకుతుంది? కుర్చీ ముందు నేల మీద పెట్టుకుని తొక్కే చిన్న పెడళ్ల యంత్రం కొద్ది వేల రూపాయల వస్తువు. సెలైన్ ఎక్కుతుండగా కూడా, సూది ఉన్న చెయ్యి కదలకుండా, కాళ్లతో దాన్ని తొక్కవచ్చు. ప్రతి రక్త క్యాన్సర్ వార్డులోనూ అలాంటివి కొన్ని ఉండాలని, ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చే ముందు స్పిరిట్‌తో తుడవాలని, పొద్దున వచ్చిన సీబీపీని చూసే ఒక ఫిజియోథెరపిస్టు అక్కడ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆ రోజు ఎన్ని నిమిషాలు తొక్కాలో, అసలు తొక్కకూడదో, కేసు షీటులో మందుల పక్కనే రాయాలి.