చెక్‌లిస్టు జిందా తిలిస్మాత్ కాదు: ఆసుపత్రి నాణ్యతపై అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రుల్లో క్వాలిటీ పని చూస్తాను. ఎక్కడికెళ్లినా ఈ మాటలు తప్పకుండా వినిపిస్తాయి.

అపోహ: మంచి చెక్‌లిస్టు పెడితే ఏ సమస్యైనా దారికొస్తుంది.

వాస్తవం: ఆపరేషన్ థియేటర్లో చాలావరకు దారికొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం తెచ్చిన 19 అంశాల జాబితాను ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. తర్వాత ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాలు తీసుకుని, సగం చోట్ల కాన్పులకూ జాబితా ఇచ్చి, దగ్గరుండి నేర్పించారు. 2017లో ఫలితాలొచ్చాయి. సిబ్బంది పనితీరు మెరుగుపడింది కానీ, తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు. నన్నడిగితే, వేళకు రక్తం, అంబులెన్స్, సిజేరియన్ చేసే డాక్టర్ దొరకడం టిక్కు పెడితే జరిగే పనులు కావు.

అపోహ: ముందు కమిటీ వేసి, మూలకారణం తేల్చాకే పని మొదలుపెట్టాలి.

వాస్తవం: స్కానింగ్ మెషీన్ పదేపదే ఆగిపోతుంటే అలాగే చేయాలి. ఇంజినీరు విప్పి చూస్తే కారణం దొరుకుతుంది. జనంతో ముడిపడ్డవి అంత తేలిగ్గా లొంగవు. నేను పనిచేసిన ఒకచోట ఓపీ రద్దీ మీద మూడు మీటింగులయ్యాక చీటీల కౌంటర్ ఇంకోటి తెరిచారు. క్యూ తగ్గలేదు, కౌంటర్ దగ్గర్నుంచి డాక్టరు గది ముందుకు మారిందంతే! తర్వాత ఒక మంగళవారం, ఒకే ఒక్క గది దగ్గర, బీపీ, షుగర్ మాత్రల కోసం వచ్చినవాళ్లను విడిగా కూర్చోబెట్టి చూశాం. పదిన్నరకల్లా బీపీ చూసే సిస్టర్ చుట్టూ జనం మూగారు. "ఇంకో మిషను ఇప్పించండి మేడమ్, చాలు" అంది. పై వారం ఇప్పించాం. పన్నెండింటికల్లా హాల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. పక్క విభాగం వాళ్లు అదే ఏర్పాటును ఉన్నదున్నట్టు పెట్టుకుంటే అక్కడ పనిచేయలేదు. వాళ్లకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొత్త పేషెంట్లు మరి.

అపోహ: అందరినీ అడిగి, చర్చించాకే ఏదైనా చేయాలి.

వాస్తవం: చేతులు కడుక్కోవడానికి చర్చ దేనికి? గుండె ఆగిన మనిషికైతే ముందు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఎవరు ఏం మరిచారో తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు.

అపోహ: ఒకసారి చిక్కు సమస్య అయితే ఎప్పటికీ చిక్కు సమస్యే.

వాస్తవం: 2020 ఏప్రిల్‌లో కోవిడ్ పేషెంటుకు స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అంటే డాక్టర్లలోనే తలో మాట. జూన్‌లో బ్రిటన్‌లో రోగులపై మందులు పరీక్షించిన 'రికవరీ' ట్రయల్ ఫలితాలొచ్చాక అది వార్డు గోడకు అతికించే కాగితమైంది: ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు వద్దు.