యాప్ తీసేస్తే ఫొటో పోయినట్టేనా?

ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. అది తెలిసిన ప్రతివాళ్లూ, మన ముఖం ఏ సినిమా తారలా ఉందో చెప్పే యాప్‌ని ఫోన్‌లో చూపించి అడిగేది ఒకటే: "ఫలానా హీరోలా ఉన్నానంటోంది, నిజమేనా?" ఆ ప్రశ్న సరదాగానే ఉంటుంది. దాని వెంటే వచ్చే మాటకే నాకు ఒళ్లు మండుతుంది: "చూసేసి యాప్ తీసేశాలే, ఇంక గొడవేముంది!"

అపోహ: యాప్ తీసేస్తే అంతా పోయినట్టే.

వాస్తవం: మీ ఫోన్‌లోంచి పోయింది యాప్ ఒక్కటే. ఇలాంటి చాలా యాప్‌లలో పోల్చే పని మీ ఫోన్‌లో జరగదు. ఫొటో ఆ కంపెనీ కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు వెళ్తుంది, పోల్చడం అక్కడ జరుగుతుంది. మీరు ఇక్కడ యాప్ తీసేసినంత మాత్రాన అక్కడున్న కాపీ కదలదు. అకౌంట్ మూసినా ఒక్కోసారి కదలదు. 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 'ఎవర్' అనే ఫొటో యాప్ మీద చేసిన ఆరోపణల్లో ఇదొకటి: అకౌంట్ మూసేసినవాళ్ల ఫొటోలు తీసేస్తామని చెప్పి, తీయకుండా ఉంచుకున్నారని. చివరికి ఆ ఫొటోలతో పాటు, వాటితో తయారుచేసిన మోడల్స్‌ని (ఆ ఫొటోలు చూసి ముఖాలు గుర్తుపట్టడం నేర్చుకున్న ప్రోగ్రామ్‌లని) కూడా చెరిపేయమని కమిషన్ ఆదేశించింది.

అందుకే వరస తప్పకండి. ముందు యాప్ సెట్టింగ్స్‌లో డేటా, అకౌంట్ డిలీట్ చేయమని అడగండి. ఆ తర్వాతే యాప్ తీసేయండి. ముందే తీసేసి ఉంటే మళ్లీ ఎక్కించుకునైనా ఆ పని చేయండి.

డబ్బు సంగతీ ఇంతే. మా తమ్ముడొకడు "మూడు రోజులు ఫ్రీ" చూసి కార్డు వివరాలిచ్చాడు, ఒక పూట ఆడుకున్నాడు, యాప్ తీసేశాడు. నాలుగు నెలల తర్వాత నాకు ఫోన్: "అన్నయ్యా, లేని యాప్‌కి డబ్బులు కట్ అవుతున్నాయేంటి?" సబ్‌స్క్రిప్షన్ ఉండేది యాప్‌లో కాదురా, ప్లే స్టోర్ అకౌంట్‌లో అని చెప్పి, అక్కడికి వెళ్లి రద్దు చేయించాను. ఐఫోన్ వాళ్లకూ అంతే. పైగా ఐఫోన్‌లో అయితే ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేసుకోవాలి. వాడి నాలుగు నెలల డబ్బు మాత్రం రాలేదు.

అపోహ: యాప్ 92 శాతం పోలిక అని చూపిస్తే అంత పోలిక ఉన్నట్టే.

వాస్తవం: మోడల్ మీ ముఖాన్ని కొన్ని అంకెలుగా మారుస్తుంది. 2015లో గూగుల్ వాళ్లు చూపించిన ఫేస్‌నెట్ అనే మోడల్ అయితే ముఖానికి 128 అంకెలు. తన దగ్గరున్న తారల అంకెల్లో వాటికి దగ్గరగా ఉన్నదాన్ని తీసి చూపిస్తుంది. ఎంత దూరంలో ఉన్నా ఎవరో ఒకరు 'అందరికన్నా దగ్గర' అవుతారు కదా, అందుకని జవాబు ఎప్పుడూ ఉంటుంది. ఆ దూరాన్ని శాతంగా ఎలా చూపించాలన్నది యాప్ చేసినవాళ్ల ఇష్టం. 40 అంటే ఎవరు షేర్ చేస్తారు? మేం ఆఫీసులో ఓసారి బొమ్మ ముఖం పెడితే దానికీ ఒక హీరోయిన్ దొరికింది.

ఎవరో ముక్కూమొహం తెలియని విదేశీ నటుడు వచ్చాడా? మీకు దగ్గరగా ఉండేవాళ్లు ఆ జాబితాలో లేరన్నమాట, అంతే.

ఇక "సెల్ఫీ ఇస్తే ఫోన్ లాక్ తీసేస్తారు" అని తిరిగే మెసేజ్. ఐఫోన్‌లో ముఖం చూసి లాక్ తీసే ఫేస్ ఐడీ ముఖం లోతు కూడా కొలుస్తుంది, చదునైన ఫొటోకి తెరుచుకోదు. ఫొటోతోనే తెరుచుకునే ఫోన్లూ కొన్ని ఉన్నాయి, మీది అలాంటిదైతే పిన్ పెట్టుకోండి. ఫార్వర్డ్ చేసేముందు ఈ మాత్రం కనుక్కుంటే బాగుండు.

ఒక్కటి మాత్రం నవ్వి వదిలేయలేను. మా అక్క కూతురికి యాప్ ఒక విలన్ పాత్రల ముసలాయన్ని చూపించింది. పిల్ల రెండు రోజులు అద్దం చూసుకుంటూ కూర్చుంది. ఫొటో చూస్తే ఫోన్ ముఖానికి ఆనించినంత దగ్గర, పైనుంచి ట్యూబ్‌లైట్. అంత దగ్గర్నుంచి తీస్తే ఎవరి ముక్కైనా పెద్దదిగానే పడుతుంది. కిటికీ పక్కన నిలబెట్టి, నాలుగడుగుల దూరం నుంచి నేను తీశాను. ఈసారి ఒక హీరోయిన్ వచ్చింది. "ఇదీ అంతే నిజం, అదీ అంతే నిజం, ఇంకోటి తీస్తానుండు" అన్నాను.

"వద్దు మామయ్యా, ఇది చాలు" అని ఫోన్ లాక్కుపోయింది.