ర్యాంకు చూసి బీ-స్కూల్ ఎంచుకునేవాళ్లకు: కన్సల్టింగ్ మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

అడ్మిషన్ల సీజన్‌లో నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకేలా మొదలవుతాయి. "సార్, ఈ కాలేజీ ర్యాంకు ఇంత. కన్సల్టింగ్‌కి ఓకేనా?" నేను కన్సల్టింగ్‌లో, అంటే కంపెనీలకు సలహాలిచ్చే సంస్థలో, పనిచేశాను, సంస్థ తరఫున క్యాంపస్‌లకు వెళ్లి ఇంటర్వ్యూలు చేశాను, ఇప్పుడు బీ-స్కూళ్లకు (ఎంబీఏ కాలేజీలకు) అప్లికేషన్లు పెట్టేవాళ్లకు సలహాలిస్తున్నాను. ఏ ఇంటర్వ్యూ ప్యానెల్లోనూ ర్యాంకింగ్ పట్టిక ఊసెత్తగా నేను వినలేదు.

అపోహ: ర్యాంకు ఎంత పైనుంటే కన్సల్టింగ్ అవకాశం అంత ఎక్కువ

ఇదొక్కటి వదిలించుకుంటే కింద ఉన్నవి చదవకపోయినా పర్వాలేదు. ఎందుకంటే జనం డబ్బు పోగొట్టుకుంటున్నది ఇక్కడే.

కేంద్ర ప్రభుత్వం వేసే కాలేజీ ర్యాంకింగ్, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో మేనేజ్‌మెంట్ పట్టికే తీసుకోండి. నూటికి 30 మార్కులు పరిశోధనకే పోతాయి. ప్రొఫెసర్లు మంచి పేపర్లు రాయడం సంతోషమే, కానీ మెకిన్సీ, బీసీజీ లాంటి పెద్ద కన్సల్టింగ్ సంస్థలకు దాంతో పనేముంది? హైదరాబాద్ ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) అసలు ఆ పట్టికలోనే కనిపించదు. అయినా పెద్ద సంస్థలు ఏటా గచ్చిబౌలి వస్తూనే ఉన్నాయి. ఇక ఫైనాన్షియల్ టైమ్స్ గ్లోబల్ ఎంబీఏ పట్టికలో ఐఐఎం అహ్మదాబాద్ పేరు చూసి చాలామంది అది క్యాట్ ప్రవేశ పరీక్ష రాసి చేరే రెండేళ్ల కోర్సు, పీజీపీ, అనుకుంటారు. కాదు, అది అనుభవజ్ఞుల కోసం పెట్టిన ఏడాది కోర్సు, పీజీపీఎక్స్. పీజీపీ అదే పత్రిక వేసే ఇంకో పట్టికలో, మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్‌లో ఉంటుంది. ఒకే క్యాంపస్, కానీ చేరేవాళ్లు వేరు, ప్లేస్‌మెంట్లు వేరు.

సంస్థలు మనుషుల్ని తీసుకునే పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. ప్రతి సంస్థకూ తప్పక వెళ్లే కోర్ క్యాంపస్‌లు కొన్ని ఉంటాయి. ఆ క్యాంపస్ బాధ్యత ఒక పార్ట్‌నర్‌ది, ఆయన వెంట అక్కడ చదివిన పూర్వ విద్యార్థులు. ఎంపికలకు ముందు సంస్థ గురించి చెప్పే ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్ ఇచ్చేది వాళ్లే, షార్ట్‌లిస్ట్ అయినవాళ్లకు బడ్డీలుగా ఉండి కేసులు (ఇంటర్వ్యూలో ఇచ్చే వ్యాపార సమస్యలు) ప్రాక్టీస్ చేయించేదీ వాళ్లే. మన దేశంలో స్ట్రాటజీ సంస్థలకు (కంపెనీ ఏ దారిన పోవాలో సలహా చెప్పే మెకిన్సీ లాంటివాటికి) ఐఐఎం అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా, ఆపైన ఐఎస్‌బీ దాదాపు స్థిరం. ఐఐఎం లక్నో, జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ఢిల్లీ ఎఫ్‌ఎంఎస్ లాంటి చోట్లకు వచ్చే సంస్థలూ, తీసుకునే సంఖ్యా ఏడాదికో రకంగా మారతాయి. కోర్ క్యాంపస్ బయటినుంచి రిఫరల్‌తో వచ్చినవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ అది నమ్ముకుని అప్పు చేయకండి.

"మరి కాలేజీ ప్లేస్‌మెంట్ రిపోర్టులో కన్సల్టింగ్ 33 శాతం అని ఉంది కదా సార్?" అంటారు. ఉంటుంది. ఆ 33 శాతంలో స్ట్రాటజీ ఉద్యోగం, బిగ్ ఫోర్ అనే నాలుగు పెద్ద ఆడిట్ సంస్థల్లో రిస్క్ అడ్వైజరీ, ఈఆర్‌పీ (కంపెనీ పనులు నడిపే సాఫ్ట్‌వేర్) ఇంప్లిమెంటేషన్, ఓ పెద్ద కంపెనీ తన సొంత అవసరాలకు పెట్టుకున్న టీమ్, అన్నీ కలిసే ఉంటాయి. ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో వచ్చిన ఐపీఆర్ఎస్ అనే ప్లేస్‌మెంట్ రిపోర్టుల పద్ధతి పాటించే కాలేజీల రిపోర్టుల్ని బయటి ఆడిటర్ తనిఖీ చేస్తాడు కాబట్టి అంకెలు నమ్మొచ్చు. అయినా మీకు కావాల్సిన జవాబు ఆ శాతంలో ఉండదు.

తెనాలి వైపు అమ్మాయి ఒకామె మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ నన్ను కలిసింది. అడ్మిషన్ వచ్చింది, లోన్ శాంక్షన్ అయింది. కాలేజీ పేరు అనవసరం. రిపోర్టులో కన్సల్టింగ్ మూడోవంతు. ముందు బ్యాచ్‌వాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారో లింక్డిన్‌లో ఒక్కొక్కర్నీ వెతకమన్నాను. ఎక్కువమంది రాయదుర్గంలోనే తేలారు, సాఫ్ట్‌వేర్ ఇంప్లిమెంటేషన్ ప్రాజెక్టుల్లో. ఈమె రూమ్మేట్ ఏ ఎంబీఏ లేకుండానే అలాంటి టీములో ఉంది! ఆ ఉద్యోగం తక్కువదని నేననను, జీతం బాగానే ఉంటుంది. కానీ 40 లక్షల అప్పు పది శాతం వడ్డీకి పదేళ్లు కడితే ఈఎంఐ నెలకు దాదాపు 53 వేలు. నడిచి వెళ్లగలిగే ఆఫీసుకు అంత టోల్ కట్టడం ఎందుకు? వాళ్ల నాన్నగారు మాత్రం "ఊళ్లో అందరికీ చెప్పేశామండీ" అని కూర్చుండిపోయారు. ఆ బాధ నిజమైనదే, దానికి నా దగ్గర మందు లేదు. ఆ అమ్మాయి ఆ ఏడు ఆగిపోయింది.

అలాగని శాతాన్ని పట్టుకు వేలాడినా ఇబ్బందే. స్టాన్‌ఫర్డ్ నుంచి కన్సల్టింగ్‌కి వెళ్లేవాళ్లు ఐదోవంతు కూడా ఉండరు. డార్ట్‌మత్ టక్ చిన్న స్కూలు, అక్కడ ఇటీవల ఆ వాటా 40 శాతం చుట్టూ నడుస్తోంది. ఫ్రాన్స్‌లోని ఇన్‌సియాడ్‌లో సగానికి అటూ ఇటూ. అంటే స్టాన్‌ఫర్డ్‌లో కన్సల్టింగ్ దొరకదనా? అక్కడివాళ్లలో చాలామంది ప్రైవేట్ ఈక్విటీ (కంపెనీల్లో పెట్టుబడులు పెట్టే సంస్థలు), స్టార్టప్‌ల వైపు పోతారు, అంతే. ఇంకో సంగతి, కన్సల్టింగ్ సంస్థే ఫీజు కట్టి పంపితే చదివి తిరిగి అదే సంస్థలో చేరేవాళ్లుంటారు. కొన్ని రిపోర్టులు వాళ్లనూ కలిపి చూపిస్తాయి. ఫుట్‌నోట్లు చదవండి.

కాబట్టి అడగాల్సింది వేరు. ఆ కాలేజీలోని కన్సల్టింగ్ క్లబ్‌వాళ్లను పట్టుకోండి: ఫలానా సంస్థకు ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని షార్ట్‌లిస్ట్ చేశారు, ఎంతమందికి ఆఫర్ వచ్చింది, ఏ రోల్, ఏ ఆఫీసు? వాళ్లలో మీలాంటి ప్రొఫైల్ ఉన్నవాళ్లెవరు? అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురితో మాట్లాడాక కూడా నమ్మకం కుదరకపోతే ఆ స్కూలు మీ జాబితాలోంచి తీసేయొచ్చు.

అపోహ: ఐటీ ప్రొఫైల్‌ని, తెలుగు మీడియంవాళ్లని తీసుకోరు

ఐటీవాళ్లను తీసుకుంటారు. కాకపోతే రెజ్యూమెలో "జావా, స్ప్రింగ్ బూట్" చదివి మాకేమీ అర్థం కాదు. క్లయింటుకు ఏం ఆదా అయింది, ఆ నిర్ణయంలో మీ వాటా ఎంత, అది రాయండి. ఇంటర్‌లో 970 మార్కులు మన దగ్గర గొప్ప కాదు, మనవాళ్ల దరఖాస్తుల్లో సగంలో అవే ఉంటాయి. వాటి పక్కన ఇంకేముందనేదే చూస్తారు.

ఇంగ్లీషు గురించి భయపడేవాళ్లకు ఒక ఇంటర్వ్యూ చెబుతాను. గుంటూరు మిర్చి యార్డుకు ఒక రోజు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వస్తాయో అంచనా వేయమని ఒకబ్బాయిని అడిగాం. జిల్లా పరిషత్ స్కూల్లో చదివినవాడు. వెంటనే లెక్కలోకి దూకకుండా "ఏ నెలలో సార్? మార్చిలోనా, ఆగస్టులోనా?" అన్నాడు. తర్వాత ఎకరాకు దిగుబడి దగ్గర మొదలుపెట్టి, కోల్డ్ స్టోరేజీకి పోయేది తీసేసి, లారీల లెక్కతో సరిచూసుకున్నాడు. వాక్యాలు అక్కడక్కడా తడబడ్డాయి, నిజమే. తర్వాతి రౌండుకు పంపడానికి మాలో ఎవరూ సందేహించలేదు.

అపోహ: అమెరికా ఎంబీఏ అయితే ఎక్కడైనా చెల్లుతుంది

అక్కడి క్యాంపస్‌లకు సంస్థలు వచ్చేది ప్రధానంగా అమెరికా ఆఫీసుల కోసం. ముంబయి, గుర్‌గావ్ ఆఫీసులకు అక్కణ్నుంచి తీసుకునేది కొద్దిమందిని. రెండేళ్ల ఖర్చు పేరున్న స్కూళ్లలో రెండు లక్షల డాలర్లు దాటుతుంది, దాన్ని రూపాయల జీతంతో తీర్చడం కష్టం. అందుకని ముందు ఏ దేశంలో పనిచేయాలో తేల్చుకుని, ఆ తర్వాతే స్కూలు చూడండి.

వీసా మీద పుకార్లు వింటుంటే చిరాకేస్తుంది. చదువయ్యాక అక్కడే పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, కోర్సుకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) గుర్తింపు ఉంటే ఇంకో 24. ఉద్యోగ వీసా హెచ్-1బీ ఏటా 85,000, లాటరీ. 2025 సెప్టెంబరులో హెచ్-1బీకి ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజు, అమెరికాలో చదువుకుని అక్కడే స్టేటస్ మార్చుకునేవాళ్లకు వర్తించదని ఆ తర్వాతి నెలలోనే స్పష్టత ఇచ్చారు. అయినా ఇంకా "మా బావమరిది చెప్పాడు, అందరికీ లక్ష డాలర్లట" అంటూనే ఉన్నారు. నిబంధనలు మారుతూ ఉంటాయి, బావమరిదిని కాకుండా అమెరికా వలసల విభాగం యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటును అడగండి.

అపోహ: ఎంఎస్ బిజినెస్ అనలిటిక్స్ చేసినా ఎంబీఏతో సమానమే

కాదు. ఎంబీఏవాళ్లను తీసుకునే స్థాయి వేరు, ఎంఎస్‌వాళ్లకు ఉన్న దారులు వేరు. డేటా ఉద్యోగం కావాలంటే నిక్షేపంగా ఎంఎస్ చేయండి.

అపోహ: ఏడాది కోర్సయినా రెండేళ్లదయినా ఒకటే

ఖర్చు లెక్కలో ఏడాదే నయం, ఒక సంవత్సరం జీతం మిగులుతుంది. కానీ రెండేళ్ల కోర్సులో సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది, స్ట్రాటజీ సంస్థలు చాలా ఆఫర్లు అక్కణ్నుంచే ఇస్తాయి. ఐఎస్‌బీ పీజీపీ ఏడాది కోర్సు, అందులో అది లేదు. ఇన్‌సియాడ్‌ది 10 నెలల కోర్సు, అక్కడ జనవరి బ్యాచ్‌కి వేసవిలో ఖాళీ దొరుకుతుంది, శరదృతువు బ్యాచ్‌కి దొరకదు. ఏడాది కోర్సుకు వెళ్లేవాళ్లు కేసులు ప్రాక్టీస్ చేయడం చేరకముందే మొదలుపెట్టాలి, చేరాక ఊపిరాడదు.

అపోహ: "ఈసారి ఫలానా సంస్థ క్యాంపస్‌కి రావట్లేదట"

ప్రతి ఏడాదీ ఏదో ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఇది పుడుతుంది. పుట్టించినవాడు తరచూ "గ్యారంటీ ప్లేస్‌మెంట్" కోచింగ్ అమ్ముతుంటాడు. ప్లేస్‌మెంట్ కమిటీకి ఒక్క మెయిల్ పెట్టండి, రెండు మూడు రోజుల్లో జవాబొస్తుంది.