మెయిల్స్ డిలీట్ చేసినా సి డ్రైవ్ ఎందుకు ఖాళీ అవదు? కొన్ని అపోహలు - వాస్తవాలు

వైజాగ్ పోర్టు మీద బతికే క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లో పనంతా మెయిల్లోనే. బిల్ ఆఫ్ లేడింగ్, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, అన్నీ స్కాన్ కాపీలే. ఏడాదీ రెండేళ్లు గడిచేసరికి సి డ్రైవ్ పట్టీ ఎర్రబడుతుంది. అప్పుడు మొదలవుతుంది డిలీట్ల పండగ.

అపోహ: పాత మెయిల్స్ తీసేసి, ట్రాష్ ఖాళీ చేస్తే జాగా వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. కంప్యూటర్లో మెయిల్స్ చూసుకునే థండర్‌బర్డ్ ప్రోగ్రామ్‌లో మామూలుగా ఒక్కో ఫోల్డరుకీ ఒక్కటే ఫైలు. ఇన్‌బాక్స్‌లో 20,000 మెయిల్స్ ఉన్నా, అన్నీ ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తరవాత వచ్చే అక్షరాలు) లేని ఒకే ఫైల్లో ఒకదాని కింద ఒకటి వరసగా ఉంటాయి. మీరు డిలీట్ కొడితే ఆ మెయిల్ పైభాగంలోని హెడర్లో ‘ఇది తీసేసినది’ అని ఒక గుర్తు పడుతుంది, అంతే. లోపలి సరుకు కదలదు. అటాచ్‌మెంట్లు ఇంకా బరువు: మెయిల్లో ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలుగా మారతాయి కాబట్టి 9 ఎంబీ స్కాను ఫైల్లో 12 ఎంబీ పైనే తింటుంది.

జాగా రావాలంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘కాంపాక్ట్’ నొక్కాలి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. కాంపాక్ట్ అంటే ఉంచిన మెయిల్స్‌ని కొత్త ఫైల్లోకి రాసి, ఆ తరవాతే పాతదాన్ని తీసెయ్యడం. 12 జీబీ ఇన్‌బాక్స్‌లో 3 జీబీ డిలీట్ చేశారనుకోండి, మిగిలిన 9 జీబీ పట్టేంత చోటు ముందే ఉండాలి. ఖాళీ చెయ్యడానికే ఖాళీ కావాలన్నమాట! డ్రైవ్ పూర్తిగా నిండేదాకా ఆగకండి. మధ్యలో కరెంటు పోతే ఫైలు సగంలో దెబ్బతినొచ్చు, యూపీఎస్ లేని సిస్టమ్‌లో ఈ పని పెట్టుకోవద్దు.

మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ మెయిల్స్ దాచే పీఎస్‌టీ ఫైలుదీ ఇదే కథ. ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, డేటా ఫైల్స్, సెట్టింగ్స్, ‘కాంపాక్ట్ నౌ’. పెద్ద ఫైలైతే గంటలు పడుతుంది, సాయంత్రం వెళ్లేటప్పుడు పెట్టుకోండి. 2003కి ముందు ఔట్‌లుక్‌లో చేసిన పీఎస్‌టీ 2 జీబీ దగ్గరే ఆగిపోతుంది. 2010 నుంచి మామూలు హద్దు 50 జీబీ.

అపోహ: ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపిస్తోందంటే మెయిల్స్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు పోయేది విషయసూచికే. థండర్‌బర్డ్‌లో ప్రతి ఫోల్డర్ ఫైలు పక్కనా అదే పేరుతో ఎంఎస్‌ఎఫ్ ఫైలు ఉంటుంది, ఆ సూచిక అదే. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ‘రిపేర్ ఫోల్డర్’ నొక్కితే అది కొత్తగా తయారవుతుంది. ఎక్స్‌టెన్షన్ లేని ఫైలు జోలికి మాత్రం పోవద్దు, మెయిల్స్ ఉన్నది దాన్లోనే. ఆ ఫైలే మాయమైతే యాంటీవైరస్ క్వారంటైన్ (అనుమానం ఉన్న ఫైళ్లని విడిగా బంధించే చోటు) చూడండి. ఒక్క మెయిల్లో వైరస్ దొరికినా, అది మొత్తం ఇన్‌బాక్స్ ఫైలునే పట్టుకుపోవచ్చు.

అపోహ: డాక్యుమెంట్స్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే మెయిల్ బ్యాకప్ అయిపోయినట్టే.

వాస్తవం: పీఎస్‌టీ మామూలుగా అక్కడే ఉంటుంది, నిజమే. థండర్‌బర్డ్ మెయిల్స్ ఉండేది విండోస్ దాచి ఉంచే యాప్‌డేటా ఫోల్డర్లో. హెల్ప్, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌కి వెళ్లి, ప్రొఫైల్ ఫోల్డర్ పక్కన ‘ఓపెన్ ఫోల్డర్’ నొక్కండి. తరవాత థండర్‌బర్డ్ మూసేసి ఆ ఫోల్డరంతా కాపీ చెయ్యండి. పెన్‌డ్రైవ్‌లో చోటున్నా ‘ఫైల్ టూ లార్జ్’ అంటే అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయినది. 4 జీబీ దాటిన ఫైలు దాన్లో పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఫార్మాట్ చేస్తే సరి, లోపలున్నవి పోతాయి కాబట్టి ముందు తీసి పక్కన పెట్టుకోండి.

అపోహ: ఐమ్యాప్ (మెయిల్స్ సర్వర్‌లోనే ఉండి, అన్ని పరికరాల్లో ఒకేలా కనిపించే పద్ధతి) అకౌంటు కదా, కంప్యూటర్లో ఉన్నది అదనపు కాపీ.

వాస్తవం: కాపీ కాదు, అద్దం. ఫోన్లో డిలీట్ చేస్తే ఇక్కడా పోతుంది. ఔట్‌లుక్ ఇలాంటి అకౌంట్లకి వాడే ఓఎస్‌టీ ఫైలు కూడా అలాంటిదే, వేరే కంప్యూటర్‌కి తీసుకెళ్తే తెరుచుకోదు. అలాగని కళ్లు మూసుకుని తీసెయ్యకండి. ఐమ్యాప్ అకౌంట్లో ‘దిస్ కంప్యూటర్ ఓన్లీ’ అని ఉన్న క్యాలెండర్, కాంటాక్ట్స్ సర్వర్‌లో ఉండవు, ఆ ఓఎస్‌టీలోనే ఉంటాయి. ముందు ‘ఎక్స్‌పోర్ట్’తో వాటిని పీఎస్‌టీలోకి తెచ్చుకోండి.